అంచు గీత

ఏడుంబావుకి స్టోక్‌లో ఇంకా చీకటే.
వ్యాను అద్దం మీద మంచు గీకి,
ఇంజను వేడెక్కేదాకా వేళ్ల మీద ఊదుకుంటాను.
పందొమ్మిదేళ్లుగా ఇదే పని:
పదకొండు గుమ్మాలు, పదకొండు సీటుబెల్టులు,
కిల్న్ లేన్ డే సెంటరు దాకా నాలుగు మైళ్లు.

మొదటి గుమ్మం ఎనిడ్ బ్లోర్‌ది.
తన పేరు మర్చిపోయింది గానీ
నాకు మాత్రం రోజుకో పేరు పెడుతుంది.
మొన్న ఆర్థర్ని, నిన్న పాలవాణ్ని.

రెండోది షోయబ్.
నలభై రెండేళ్లవాడు.
దారిలో ప్రతి ఆగుడునీ గట్టిగా పిలుస్తాడు,
ఒక్కటి తప్పితే వ్యాను కదలనివ్వడు.
వాళ్లమ్మ నస్రీన్
మేం మలుపు తిరిగేదాకా చెయ్యి దించదు.
రాత్రంతా గిడ్డంగిలో పెట్టెలు మోసి వస్తుంది.
మేం తిరిగొచ్చేదాకా ఉండే ఆరు గంటలే
ఆమెకు రాత్రి.

అక్టోబరులో ఉత్తరం వచ్చింది.
నాలుగు పేజీలూ వెతికాను,
మూసేస్తాం అన్న మాట ఎక్కడా లేదు.
"సేవల పునర్వ్యవస్థీకరణ" అని ఉంది.
షోయబ్‌కి చదివి వినిపించాను.
"అది ఏ స్టాపు?" అన్నాడు.

సంతకాలకి తిరిగాం.
మార్కెట్లో, మసీదు గేటు దగ్గర,
వేయించిన చేపల కొట్టు ముందు వరసలో.
వానకి అట్ట ఉబ్బిపోయింది.
ఒకావిడ అడిగింది:
"మా వీధి లైబ్రరీ మూసినప్పుడు నువ్వొచ్చావా?"
రాలేదు.
ఆమె నా కళ్లలోకి చూస్తూనే
కలం అందుకుంది.
ఆ సంతకం ఒక్కటే నాకింకా బరువు.

కౌన్సిల్ నిబంధన ఒకటుంది:
చదవగలిగేలా పేరు రాయాలి,
లేకపోతే చెల్లదు.
అంటే సెంటరు ఎవరిదో
వాళ్లే లెక్కలోకి రారు.

వంటావిడ లోరెయిన్ ఆ మధ్యాహ్నం
స్టోరు గదిలోంచి తెల్లకప్పులు దించింది,
నలభై ఒకటి.
ఈ ఊరి బట్టీలు చల్లారి చాలా ఏళ్లయింది
గానీ చేతులు చల్లారలేదు.
ఎనిడ్ ముప్పై ఒక్క ఏళ్లు
కప్పుల అంచుకి బంగారు గీత గీసిన మనిషి.
ఎడమచేత్తో తిరుగుడు పళ్లెం తిప్పింది,
కుడిచేత కుంచె ఆనించి
ఊపిరి బిగబట్టింది.
గీత ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చి కలిసింది.
చెయ్యి తిరిగిన మనిషి అంటే ఏమిటో
నేనప్పుడు చూశాను.
పేరు పోయింది, సంతకం పోలేదు.

మిగతావాళ్లవి వంకరపోయాయి.
రేమండ్‌ది వణికింది.
షోయబ్ గీత మధ్యలో పదకొండు చోట్ల ఆగింది.

సభలో నాకు మూడు నిమిషాలిచ్చారు.
రాసుకున్న కాగితం కోటు జేబులోనే ఉండిపోయింది,
షోయబ్ లేచి నిలబడ్డాడు మరి.
"ఎనిడ్.
అమ్మ.
ఎర్ర తలుపు.
మొరిగే కుక్క..."
ఒక సభ్యుడు వాచీ చూసుకున్నాడు,
ఒకామె కళ్లద్దాలు తీసేసింది.
పదకొండోదానికి గంట మోగింది.
"సమయం అయిపోయింది" అన్నారు అధ్యక్షులు.
"కాలేదు, ఇంకొకటుంది" అన్నాడు షోయబ్.
వాడు చెప్పందే వ్యాను కదలదని
ఆయనకెలా తెలుస్తుంది?
"కిల్న్ లేన్" అని గట్టిగా పిలిచి
కూర్చున్నాడు.

నిర్ణయం మార్చికి వాయిదా పడింది.
గెలుపని నేననను.
కప్పులు పెట్టెలో తిరిగొచ్చాయి,
సభ్యులు బహుమతులు పుచ్చుకోకూడదని చీటీతో.
ఆ పూట వాటిలోనే టీ తాగాం.
బట్టీలో కాల్చని రంగు కదా,
కడిగితే పోయింది.

సోమవారం ఎనిడ్
తెల్లటి కప్పొకటి వెలుతురుకి పెట్టి చూసి
"ఇది ఇంకా పూర్తి కాలేదు, ఆర్థర్" అంది,
కుంచె కోసం చెయ్యి చాపింది.